కొసరు లేని అంగడి

రాయచూరునుండి బయలుదేరిన బాట కల్మలయొద్ద చీలి, ఒక శాఖ లింగసుగూరు దిక్కునకును, వేరొక శాఖ మాన్వి, సింధనూరుల దిక్కునకును సాగిపోవును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ అంతర్వేదికొరకు జరిగిన యుద్ధములకు లెక్క లేదు. 1520లో కృష్ణదేవరాయలు దీనిని బీజాపురపు సుల్తానునుండి గెలిచెను. 1853లో నిజాము దీనిని ఆంగ్లేయుల కప్పగించి 1860లో మరల పొందెను. 1956 నవంబరు 1వ తేదీన ఇది మైసూరు రాష్ట్రమున చేరెను. ఇన్ని మారులు ప్రభుత్వము చేతులు మారినను, వారమున కొకనాడు చెట్లనీడను గోనెపట్టాలు పరచి కూర్చుండు సంతకు మాత్రము ఏ సంధిపత్రముతోను పని లేకపోయెను. బేరము కన్నడమున మొదలై, తెలుగున పెరిగి, ఉర్దూలో ముగియుట ఈ సీమవారికి వింత కాదు.

ఆ సంతలో కొనువాని చేతికి అడ్డు లేదు. జొన్నలు దోసిట బట్టి చూచుట, మిరపకాయను త్రుంచి వాసన చూచుట, వంకాయలను ఒక్కొక్కదానిని త్రిప్పి పుచ్చులు విడదీయుట కొనువారి హక్కుగా ఉండెను. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యను లెక్కన గింజలు కొలుచువాడు మొదటి కొలతను ‘ఒకటి’ యనక ‘లాభం’ అని పలికి, తరువాత ‘రెండు’ అని సాగించెడివాడు. కొలత ముగిసిన పిమ్మట కొనువారు చెంగు ముడిచికొనక పట్టియే నిలిచియుండగా, అతడు గొణుగుచునే మరియొక గుప్పెడు వేసెడివాడు. దీనికి కొసరు అని పేరు. అది ధరలో లేనిది, తూకమున లేనిది. అయినను అది పడనిదే బేరము ముగిసినట్లు కాదు.

1871లో బొంబాయినుండి వచ్చిన రైలుదారియు మద్రాసునుండి వచ్చిన రైలుదారియు రాయచూరున కలిసిన పిమ్మట, దూరదేశపు సరకును నిలువచేసి అమ్ము కిరాణా కొట్టునకు బలము హెచ్చెను. అచ్చట సరకు గల్లాపెట్టె వెనుకకు పోయెను. కొనువాడు గుమ్మమున నిలిచి పేరు చెప్పవలెను. షావుకారు తూచి, కాగితపు పొట్లము కట్టి ఇచ్చును. చేత ముట్టి చూచు హక్కు పోయినందులకు బదులుగా అరువు దొరకెను. పంట వచ్చువరకు చిట్టాలో వ్రాసికొను ఆ ఉపకారమునకు వెల ఎంతయో, పంట వచ్చిన నాడు గాని రైతునకు తెలిసెడిది కాదు.

అమెరికాలోను అంగడి ఇట్టిదే. గుమాస్తా అల్మారనుండి తీసి ఇచ్చినదే సరకు. 1916లో మెంఫిసు నగరమున క్లారెన్సు సాండర్సు అను వర్తకుడు ‘పిగ్లీ విగ్లీ’ యను దుకాణము తెరచి, కొనువారే అల్మారల నడుమ తిరిగి తమకు వలసినవి తీసికొని, ద్వారమున సొమ్ము చెల్లించు పద్ధతిని నెలకొల్పి, దానికి 1917లో పేటెంటు హక్కును సైతము పొందెను. 1930లో మైకేలు కల్లెన్ న్యూయార్కు నగరపు క్వీన్సు ప్రాంతమున దానిని విశాలముచేసి, తక్కువ ధరకు ఎక్కువ సరకు అమ్మునట్టి బృహద్విపణిగా మార్చెను. 1937లో ఓక్లహోమాలో సిల్వన్ గోల్డ్‌మన్ చక్రముల బండిని ప్రవేశపెట్టగా, జనులు దానిని త్రోయుటకు సిగ్గుపడిరట; అతడు కూలి యిచ్చి కొందరిచేత దుకాణమున ఆ బండ్లను త్రోయించి, చూచువారికి సిగ్గు తీర్చెను. 1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్ పట్టణమున ఒక చూయింగ్ గమ్ పొట్లముమీది చారలను యంత్రము చదువుటతో, ధర చెప్పు పనియు మనుష్యుని నోటినుండి తప్పెను.

సరకును కొనువాని చేతికందించుటయే ఆ దేశమున గొప్ప విప్లవముగా ఎన్నబడినది. సంత నెరిగినవానికి అందులో వింత యేమియు లేదు. వానికి క్రొత్తయైనది వేరు: ముట్టుటకు స్వేచ్ఛ యిచ్చిన అంగడి మాటాడుటకు చోటు లేకుండ చేసినది.

మన దేశమున 1966లో, రూపాయి విలువ తగ్గి ధరలు పెరిగిన యేట, ఢిల్లీలో సహకార పద్ధతిని సూపర్ బజారు వెలసెను. 1986లో హైదరాబాదున త్రినేత్ర దుకాణములు పుట్టెను. 2006 నవంబరులో రిలయన్సు ఫ్రెష్ తన తొలి దుకాణములను అదే నగరమున తెరచెను. అయినను స్వదేశపు సూపర్ మార్కెట్టు విదేశపు దానికి అచ్చపు ప్రతిబింబము కాలేదు. అమెరికాలో అల్మారపై వ్రాసిన ధర యొకటి, పన్ను చేరిన పిమ్మట చెల్లించునది యొకటి. మనకు 1990నుండి పొట్లముపై సర్వపన్నులు కలిసిన గరిష్ఠ చిల్లర ధరను ముద్రించుట విధియైనది. ‘గరిష్ఠ’ మనుటలోనే, అంతకు తగ్గించి అడుగవచ్చునను సూచన యున్నది. బేరము చచ్చియు చావక ఆ మాటలో దాగియున్నది. పప్పుల తొట్టెలో చేయి పెట్టి, పిడికెడు తీసి, రాళ్లున్నవేమోయని అరచేత పరచి చూచు ఇల్లాలు నేటికిని మన దుకాణములలో కానవచ్చును. ఆమె సంతను తనతో లోపలికి తెచ్చుకొన్నది.

సముద్రము దాటిన తెలుగువారును అట్లే తెచ్చుకొనిరి. 1974లో షికాగోలోని డెవాన్ వీథిని పటేల్ బ్రదర్సు దుకాణము వెలసినది మొదలు, అమెరికా నగరములలో విస్తరించిన భారతీయ కిరాణాలకు తెలుగువారు పోవునది ముఖ్యముగా బియ్యమునకు. సోనా, మసూరి వంగడముల సంకరమున బాపట్లలో పుట్టిన సోనా మసూరి, తుంగభద్ర ఎడమ కాలువ క్రింద, డెల్టాలనుండి వలసవచ్చిన తెలుగు రైతులు క్యాంపులు వేసికొని సాగుచేసిన సింధనూరు, మాన్వి పొలములలో విరివిగా పండినది. ఆ వడ్లు రాయచూరు మరలకు చేరుటకు కల్మల మీది బాటయే బాట.

2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని కేంద్రప్రభుత్వము నిషేధింపగా, ఆ దుకాణములలో ఒక్కనాటిలో గోనెలు అడుగంటెను. బారులు తీరిన జనులు, కుటుంబమునకు ఒక్క సంచియే యను ప్రకటనలు, ఎక్కువ అడుగువారికి సర్దిచెప్పు యజమానులు! నోరు మూసికొని యుండుటకు కట్టిన అంగడిలో మరల మాట పుట్టినది. అడుగుట, బ్రతిమాలుట, గొణుగుట అన్నియు వచ్చినవి. రానిదొక్కటియే.

ఆ సంచిపై 20 పౌనులని, దాని ప్రక్కనే 9.07 కిలోలని ముద్రించియుండును. తొమ్మిదికి పైనున్న ఆ డెబ్బది గ్రాములను చూచి సంతవాడు కొసరు పడినదని సంతోషించును గాబోలు. కాని అది ఎవ్వరును గొణుగుచు వేసిన గుప్పెడు కాదు. పౌనును కిలోలలోనికి మార్చినపుడు వచ్చిన లెక్క మాత్రమే.