పియానో వాదనలో వేళ్ళ సాధన

పియానో వాదనలో వేళ్ళ సాధన అనగా రెండు చేతుల పది వేళ్ళూ ఒకదానిపై మరొకటి ఆధారపడకుండా, సమానమైన స్పష్టతతో మీటలను నొక్కగలిగేలా చేసే అభ్యాసం. దీనినే వాడుకలో "బలహీనమైన వేళ్ళకు బలం చేకూర్చడం" అంటారు. పియానో పాఠాలలో బొటనవేలిని 1 గాను, చిటికెన వేలిని 5 గాను లెక్కిస్తారు. బలహీనమైనవిగా పేరుపడినవి 4వ వేలు (ఉంగరపు వేలు), 5వ వేలు. అయితే వీటిలో ప్రధానంగా లోపించేది కండబలం కాదు, విడిగా కదలగలిగే స్వేచ్ఛ. ఈ తేడాను గుర్తించక బలవంతపు సాధనలతో చేతులకు హాని కలిగించుకున్న వాద్యకారులు చరిత్రలో కనిపిస్తారు. ఎలక్ట్రానిక్ కీబోర్డు, హార్మోనియం నేర్చుకునేవారికి కూడా ఈ విషయం చాలావరకు వర్తిస్తుంది.

చేతి నిర్మాణం

వేళ్ళను కదిలించే కండరాలు వేళ్ళలో లేవు. వేళ్ళను ముడిచే, చాచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటి నుండి తాళ్ళవంటి స్నాయుబంధనాలు మణికట్టు మీదుగా వేళ్ళలోని ఎముకలను చేరతాయి. వేళ్ళను పక్కలకు జరిపే చిన్న కండరాలు మాత్రం అరచేతిలో ఉన్నాయి. కనుక "వేలు లావెక్కేలా" చేసే వ్యాయామం అంటూ ఏదీ లేదు.

చూపుడు వేలికి, చిటికెన వేలికి పైకి లేవడానికి ప్రత్యేకమైన కండరం ఒక్కొక్కటి అదనంగా ఉన్నది. మధ్యవేలికి, ఉంగరపు వేలికి ఆ సౌకర్యం లేదు. పైగా ఉంగరపు వేలి స్నాయుబంధనం చేతి వెనుకభాగంలో ఇరుగుపొరుగు వేళ్ళ బంధనాలతో అడ్డపట్టీలవంటి కణజాలంతో కలిసి ఉంటుంది. దీనిని ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. అరచేతిని బల్లమీద బోర్లించి, మధ్యవేలిని మాత్రం లోపలికి మడిచి, మిగిలిన వేళ్ళను ఒక్కొక్కటిగా పైకెత్తాలి. బొటనవేలు, చూపుడు వేలు, చిటికెన వేలు సులభంగా లేస్తాయి. ఉంగరపు వేలు దాదాపుగా కదలదు. ఇది లోపం కాదు, మానవహస్తపు సహజ నిర్మాణం.

ఆధునిక పియానోలో ఒక మీటను కిందికి దించడానికి సుమారు 50 గ్రాముల బరువు చాలు. అంటే ఒక చిన్న కోడిగుడ్డు బరువు. మీట దిగే లోతు సుమారు 10 మిల్లీమీటర్లు. ఈ పనికి చిన్నపిల్లల చిటికెన వేలికి కూడా బలం చాలుతుంది. ధ్వని పెద్దదా, చిన్నదా అన్నది లోపలి సుత్తి తీగను తాకే వేగంపై ఆధారపడుతుంది. ఆ వేగాన్ని ప్రతి వేలితోనూ అనుకున్నంత మేరకే ఇవ్వగలగడం అసలైన కష్టం.

చరిత్ర

పియానోను ఇటలీకి చెందిన బార్తలోమియో క్రిస్తోఫోరి 1700 ప్రాంతంలో రూపొందించాడు. తొలినాటి వాద్యాల మీటలు చాలా తేలిక. 19వ శతాబ్దంలో వాద్యం పెద్దదై మీటలు బరువెక్కడంతో వేళ్ళ వ్యాయామాలకు గిరాకీ పెరిగింది. 1814లో లోజియర్ అనే సంగీతోపాధ్యాయుడు చేతులను ఒక చట్రంలో బిగించి ఉంచే సాధనానికి పేటెంటు పొందాడు. కార్ల్ చెర్నీ (1791-1857) వందలాది అభ్యాస రచనలు చేశాడు. ఫ్రాన్సు దేశస్థుడైన హానన్ 1873లో 60 వ్యాయామాల పుస్తకాన్ని ప్రకటించాడు. నేటికీ ఇది విస్తారంగా వాడుకలో ఉన్నది. మన సంగీతంలో సరళీ వరుసలు, జంట వరుసలు గొంతుకు చేసే పనిని హానన్ వ్యాయామాలు వేళ్ళకు చేస్తాయని చెప్పవచ్చు. అయితే సరళీ వరుసలలో రాగం ఉంటుంది, చెవి మేలుకుని ఉంటుంది. హానన్‌ను చెవి నిద్రపోతుండగా కూడా వాయించవచ్చు. ఈ పుస్తకంపై వచ్చే ప్రధానమైన విమర్శ ఇదే.

జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ (1810-1856) యువకుడిగా ఉన్నప్పుడు కుడిచేతి వేలికోసం ఒక యాంత్రిక సాధనాన్ని వాడాడు. 1830వ దశకం తొలినాళ్ళలో ఆ చేతి మధ్యవేలు అదుపు తప్పి, వాద్యకారుడు కావాలన్న ఆశను అతడు వదులుకున్నాడు. దీనికి కారణం ఆ సాధనమేనా, ఫోకల్ డిస్టోనియా అనే నాడీసంబంధమైన రుగ్మతా అన్న చర్చ నేటికీ సాగుతున్నది. అదే శతాబ్ది ఉత్తరార్ధంలో అమెరికాలో ఉంగరపు వేలిని "విడిపించడానికి" పైన చెప్పిన అడ్డపట్టీలను కోసే శస్త్రచికిత్సలు కూడా చేశారు.

వీరందరికంటె భిన్నంగా ఆలోచించినవాడు షోపాఁ (1810-1849). ప్రతి వేలికీ దాని నిర్మాణాన్ని బట్టి ఒక ప్రత్యేక గుణం ఉన్నదనీ, అన్నింటినీ ఒకే బలానికి తేవాలనుకోవడం పొరపాటనీ అతని అభిప్రాయం. పొడవైన మూడు వేళ్ళు నల్లమీటలపై, పొట్టివైన రెండు వేళ్ళు తెల్లమీటలపై ఉండేలా చేతిని నిలపమని శిష్యులకు చెప్పేవాడు. ఈ స్థితిలో చేయి సహజమైన వంపుతో నిలుస్తుంది.

తెలుగు ప్రాంతంలో

తెలుగునాట పియానో అరుదు. ధర, బరువు, శ్రుతి సరిచేసేవారి కొరత, ఎండాకాలంలో చెక్క ఎండిపోవడం దీనికి కారణాలు. పాత సినిమాలలో నాయకుడు పియానో ముందు కూర్చుని పాడడం చూసినవారే గాని, వాద్యాన్ని తాకినవారు తక్కువ. ఇక్కడి వేళ్ళకు అలవాటైనది పద్యనాటకాల, భజనల హార్మోనియం. హార్మోనియంలో ధ్వని తీవ్రతను నిర్ణయించేది తిత్తిలోని గాలి. మీటను ఎంత గట్టిగా నొక్కినా ధ్వని పెరగదు. ఎడమచేయి తిత్తిని ఊదుతుంది కనుక వాయించేది సాధారణంగా కుడిచేయి ఒక్కటే. అందువలన హార్మోనియం నుండి పియానోకు వచ్చినవారికి ఎడమచేయి దాదాపు మొదటినుండి నేర్పవలసి వస్తుంది.

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఈ విషయానికి మరొక కోణం ఉన్నది. పేరులోనే "ఖని" ఉన్న ఈ పట్టణం సింగరేణి సంస్థ గనుల చుట్టూ పెరిగింది. భూగర్భ గనులలో కోల్ ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో బొగ్గును టబ్బులకు ఎత్తేవారు. లోడింగు యంత్రాలు వచ్చిన తరువాత ఈ పని క్రమంగా తగ్గింది. అటువంటి శ్రమ చేసిన చేతికి పట్టు అసాధారణంగా ఉంటుంది. కాని పట్టు బిగించడంలో నాలుగు వేళ్ళూ ఒకేసారి ముడుచుకుంటాయి. పియానోలో ఒక వేలు దిగుతుండగా పక్కవేలు సడలి ఉండాలి. కనుక బలమైన చేయి ఉన్నంత మాత్రాన వేళ్ళు స్వతంత్రమవుతాయని అనుకోరాదు. ఇటువంటివారికి కావలసినది బలం పెంచే సాధన కాదు, బిగువు వదిలే సాధన.

డ్రిల్లింగు యంత్రాల వంటి కంపించే పనిముట్లను ఏళ్ళ తరబడి పట్టుకున్నవారి విషయం వేరు. వారిలో కొందరికి చలికి వేళ్ళు తెల్లబడి, తిమ్మిరెక్కి, స్పర్శ తగ్గుతుంది. బ్రిటన్‌లో ఈ వ్యాధికి గురైన మాజీ బొగ్గుగని కార్మికుల కోసం 1999లో పరిహార పథకం ఏర్పడింది. ఈ లక్షణాలు ఉన్నవారు వాటిని "వేళ్ళ బలహీనత" అనుకుని వ్యాయామాలు చేయడం తగదు. ముందు వైద్యుని సంప్రదించాలి.

కార్మికుల క్వార్టర్లలో సాధనకు వేళ కుదరడం కూడా సమస్యే. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు పగలు నిద్రపోతారు. హెడ్‌ఫోన్లు పెట్టుకునే వీలున్న కీబోర్డు ఇక్కడ పియానోకంటె ఉపయోగకరం. కొనేటప్పుడు నొక్కే వేగాన్నిబట్టి ధ్వని మారేదాన్ని, వీలైతే బరువు మీటలున్నదాన్ని ఎంచుకోవాలి. ఈ గుణం లేని కీబోర్డుపై ఎన్నేళ్ళు సాధన చేసినా 4వ వేలి లోపం చెవికి తెలియదు.

సాధన పద్ధతి

ముంజేయి మీటల ఎత్తుకు సమంగా ఉండేలా కూర్చోవాలి. భుజాలు, మణికట్టు సడలి ఉండాలి. మొదట ఐదు వేళ్ళనూ వరుసగా ఐదు మీటలపై (స రి గ మ ప) ఆనించి, నిమిషానికి 60 దెబ్బల వేగంతో ఒక్కొక్కటిగా మెల్లగా వాయించాలి. నొక్కిన వెంటనే వేలిలోని బిగువును వదలడం అన్నింటికంటె ముఖ్యం. తరువాత 3-4, 4-5, 3-5 జతలను మార్చి మార్చి వాయించాలి. ఒక స్వరాన్ని దీర్ఘంగా, తరువాతి దాన్ని హ్రస్వంగా, మళ్ళీ తారుమారుగా వాయిస్తే వేళ్ళు త్వరగా విడివడతాయి. చిటికెన వేలిని ఒంటరిగా కొట్టనీయక, చేతి బరువు దానివైపు కొద్దిగా ఒరిగేలా చూడాలి. చాలామంది "బలహీనమైన" 5వ వేలికి ఇంతమాత్రంతోనే నిండైన ధ్వని వస్తుంది. రోజుకు 10 నుండి 15 నిమిషాలు చాలును. మిగిలిన సమయం పాటలకు కేటాయించాలి.

బజారులో దొరికే స్ప్రింగు పట్టీలు, రబ్బరు బంతులు పట్టును పెంచుతాయి గాని స్వేచ్ఛను పెంచవు. ఒక వేలిని చేత్తో పట్టుకుని పైకి లాగడం హానికరం.

నొప్పి వస్తే ఆపివేయాలి. నొప్పి లేకుండా 4వ, 5వ వేళ్ళు తమంతట తామే ముడుచుకుపోతుంటే అది మరింత తీవ్రమైన విషయం. అమెరికన్ పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్ (1928-2020)కు 1964లో కుడిచేతికి జరిగినది ఇదే. ఆయన మూడు దశాబ్దాలపాటు ప్రధానంగా ఎడమచేతికి మాత్రమే వ్రాసిన రచనలు వాయిస్తూ, శిష్యులకు బోధిస్తూ గడిపి, 1990వ దశకంలో బొటాక్స్ చికిత్స తరువాత తిరిగి రెండు చేతులతో కచేరీలు చేశారు.