నానోమీటరు చూసి కంప్యూటరు కొనవచ్చునా?



పిల్లల చదువుల కోసం ఈ రోజుల్లో అప్పో సప్పో చేసి అయినా కంప్యూటరు కొనక తప్పడం లేదు. కొట్టుకు వెళితే "ఇది 7 నానోమీటర్ల చిప్పండీ, అది 10" అంటారు. ఆ అంకె తగ్గినందుకు మనం వేలకు వేలు ఎక్కువ పొయ్యాలా? దీనికి జవాబు చిప్పుల చరిత్రలోనే ఉంది.

చిప్పు అంటే గోరంత సిలికాన్ పలక. దానిమీద ట్రాన్సిస్టర్లనే సూక్ష్మమైన స్విచ్చిలుంటాయి. 1971లో ఇంటెల్ కంపెనీ తెచ్చిన 4004 చిప్పులో అవి సుమారు 2,300. అప్పటి కొలత 10,000 నానోమీటర్లు. 2020లో వచ్చిన ఆపిల్ వారి ఎమ్-1 చిప్పులోనో, 1,600 కోట్లు! దాన్ని తైవాన్‌కు చెందిన టీఎస్ఎమ్‌సీ 5 నానోమీటర్ల పద్ధతిలో తయారుచేసింది. స్విచ్చి చిన్నదైతే అదే చోట ఎక్కువ పడతాయి, ఒక్కొక్కటీ తక్కువ కరెంటు తాగుతుంది. ఆ పొదుపు తోడై, ఆ చిప్పు పెట్టిన మాక్‌బుక్ ఎయిర్‌కు లోపల ఫానే అక్కరలేకపోయింది.

అయితే చిన్నదే మేలన్నమాట అంటారేమో, తొందరపడకండి. 2004లో ఇంటెల్ తన పెంటియం 4 చిప్పును 130 నుంచి 90 నానోమీటర్లకు దించింది. లోపలి అమరికనూ మార్చింది. తీరా చూస్తే అది మునుపటికన్నా ఎక్కువ వేడెక్కింది! పల్చటి కుండలో నీరు చెమర్చినట్టు, స్విచ్చి కట్టేసినా కరెంటు కారిపోవడం అందుకొక కారణం.

ఇంకో సంగతి. ఒకప్పుడు ఆ అంకె నిజమైన కొలతే. రానురాను అది వట్టి పేరుగా మిగిలింది. టీఎస్ఎమ్‌సీ వారి 7, ఇంటెల్ వారి 10 ఇంచుమించు ఒకే సాంద్రత గలవి. అందుకే కాబోలు, 2021లో ఇంటెల్ మెరుగుపరచిన తన 10 నానోమీటర్ల పద్ధతికి "ఇంటెల్ 7" అని పేరు మార్చుకుంది. పద్ధతి అదే, పేరే వేరు!

చీర కొనేటప్పుడు నూలు నంబరు ఒక్కటే చూస్తామా? నేత, రంగు, అంచు, అన్నీ చూడమూ? ఇదీ అంతే. చేత పట్టుకు తిరిగే ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో అడగండి. చిప్పు పద్ధతి మేలు అక్కడే తెలుస్తుంది. బల్లమీద ఉండేదానికి అంత పట్టింపు లేదు. ర్యామ్ ఎంత, ఎస్ఎస్‌డీ ఉందా, చెడితే మన ఊళ్లో బాగుచేసేవారున్నారా అన్నవి తేల్చుకోండి. అంకె చూసి కాదు, పని చూసి డబ్బివ్వండి.