పంతులుగారి వేదికలు

పరీక్షలో పిల్లవాడు ‘వచ్చుచున్నాడు’ అని రాయాలి. నోటికొచ్చినట్టు ‘వస్తున్నాడు’ అని రాశాడో, తప్పే. వందేళ్ల కిందటి తెలుగు పంతుళ్లకు ఇందులో వింతేమీ కనిపించలేదు. విశాఖపట్నం వైపు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చి తెలుగు నేర్చుకుంటున్న జె.ఏ. యేట్స్ దొరకు మాత్రం కనిపించింది. జనం మాట్లాడేదొకటి, పుస్తకంలో ఉన్నదొకటి, ఎందుకని? ఆ ప్రశ్న ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి చేతికి, అక్కణ్ణుంచి గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గార్ల దాకా వెళ్లింది.

జనం మాట్లాడే తెలుగే రాయాలన్న జవాబు ఇద్దరి దగ్గరా ఉంది. దాన్ని ఎక్కడ చెప్పాలన్నదే చిక్కు.

తీర్పు చెప్పేది మద్రాసు యూనివర్సిటీ, సర్కారు. కాబట్టి తెలుగు ఎలా రాయాలన్న తగువు ఇంగ్లీషులో నడిచింది! అయ్యంగారి కరపత్రం 1909లో, గిడుగు మెమొరాండం 1913లో, గురజాడ అసమ్మతి పత్రం 1914లో, అన్నీ ఇంగ్లీషే. అవతల గ్రాంథికం, అంటే పాత పుస్తకాల భాష, వైపు జయంతి రామయ్య పంతులు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా నిలబడ్డారు. యూనివర్సిటీ కమిటీ గదుల్లో గ్రాంథికమే నెగ్గింది. 1915లో గురజాడ పోయారు.

ఇక మిగిలింది గిడుగు. పర్లాకిమిడి రాజావారి స్కూల్లో సుమారు 30 ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. సవర భాష కోసం మన్యంలో తిరిగి, చలిజ్వరానికి వాడిన క్వినైను వల్ల చెవుడు తెచ్చుకున్నారు. ఎదుటివాడి మాట సరిగ్గా వినపడని మనిషికి సభ కలిసొచ్చే చోటేనా? అయినా ఆయన సభలు మానలేదు. పండితులు తమ గ్రాంథికాన్ని తామే తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ల పుస్తకాల్లోంచే చూపించేవారు. కాగితం మీది తప్పుకు చెవులతో పనేముంది?

అచ్చే ఆయనకు అసలైన చోటని నాకనిపిస్తుంది. 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడు, గిడుగు కార్యదర్శి. ఒకప్పుడు గ్రాంథికంలో పేరు తెచ్చుకున్న కందుకూరి ఆ కుర్చీలో కూర్చోవడమే పెద్ద వార్త. మూడు నెలలకే ఆయన కన్నుమూశారు. ఆ ఏడే గిడుగు ‘తెలుగు’ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. వాడుకభాష గురించి వాడుకభాషలోనే వాదించడానికి ఒక చోటు దొరికింది. పాపం, ఆ పత్రిక ఏడాదికి మించి సాగలేదు.

1924లో కాకినాడలో పరిషత్తే వాడుకభాష మీద నిషేధం ఎత్తేసింది. పరీక్ష పేపరు మాత్రం అంత త్వరగా లొంగలేదు. 1933లో గిడుగు ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అచ్చువేసి పాత లెక్కలన్నీ మళ్లీ విప్పారు.

1940 జనవరి 22న ఆయన పోయారు. అంతకు కొద్ది రోజుల ముందే ‘ప్రజామిత్ర’ పత్రిక కార్యాలయంలో సంపాదకుల ఎదుట మాట్లాడారు. అడిగింది ఒక్కటే: పత్రికలు వాడుకభాషలో రాయమని.