ఫైలిన్ తుపాను – గోపాలపూర్ (2013)

ఒడిశా గంజాం జిల్లాలోని గోపాలపూర్ దగ్గర 2013 అక్టోబరు 12 రాత్రి పదిన్నర ప్రాంతంలో తీరం దాటిన అతి తీవ్ర తుపాను ఫైలిన్. ఆ సమయానికి గాలి వేగం గంటకు 200 నుంచి 210 కిలోమీటర్లు. థాయిలాండ్ సూచించిన ఈ పేరుకు నీలమణి అని అర్థం.

గోపాలపూర్ బరంపురానికి దగ్గరలో ఉన్న చిన్న రేవు. ఒకప్పుడు ఇక్కడి నుంచే కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. 1936 వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇక్కడి తీరంలో వేట సాగించే గంగపుత్రుల్లో చాలామంది ఇంటి భాష తెలుగు. ఒడియాలు వారిని నోలియాలు అంటారు. పడవ కనుచూపు మేరలో ఉండాలి కనుక వారి ఇళ్లు ఇసుకను ఆనుకునే ఉంటాయి. తుపాను వస్తే మొదటి దెబ్బ వాటికే.

ఈ తీరానికి 1999 మరపురానిది. ఆ అక్టోబరు 17, 18 తేదీల్లో ఒక తుపాను గోపాలపూర్ ప్రాంతాన్ని కొట్టింది. పన్నెండు రోజులు తిరక్కుండానే, 29న, ఉత్తరాన జగత్‌సింగ్‌పూర్ తీరంలో పెను తుపాను విరుచుకుపడింది. ఉప్పెనలో దాదాపు పదివేల మంది చనిపోయారు. ఆ ఏడాదే ఒడిశా విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను పెట్టుకుంది. తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టింది. ఫైలిన్ కథలో నన్ను కదిలించేది గాలి వేగం కాదు, పద్నాలుగేళ్లపాటు ఓపిగ్గా సాగిన ఈ సన్నాహమే.

2013 అక్టోబరు 8న అండమాన్ సముద్రంలో ఏర్పడిన వాయుగుండం మర్నాటికి తుపానుగా మారింది, 10వ తేదీకల్లా అతి తీవ్రమైంది. తీరానికి చేరువయ్యాక విశాఖపట్నం డాప్లర్ రాడార్ దాని కదలికను కనిపెడుతూ వచ్చింది. అవి దసరా రోజులు, 12న దుర్గాష్టమి. పండగ పూట ఇల్లు వదలడం ఎవరికైనా కష్టమే. అయినా ఒడిశాలో పది లక్షలకు దగ్గరగా, ఆంధ్రప్రదేశ్‌లో లక్షకు పైగా జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. చీకటి పడేలోపే చాలా ఇళ్లు ఖాళీ కావడం ప్రాణాలు నిలిపింది. రాత్రి పూట కరెంటు పోయాక నీరు ఎటు నుంచి వస్తోందో, ఏ చెట్టు కూలుతోందో కనిపించదు. పడవ వేసుకుని కాపాడటానికి వెళ్లే వీలూ ఉండదు.

తుపాను రోజుల ముందే కబురు పెడుతుంది, కానీ గంటల తరబడి వదలదు. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. అందువల్ల ఫైలిన్ తుపాను కంటికి ఈశాన్యంగా ఉన్న ఛత్రపురం, చిలికా వైపు తీరం మీదికి సముద్రం నేరుగా నెట్టుకొచ్చింది. గంజాం పల్లపు ప్రాంతాల్లో 2 నుంచి 2.5 మీటర్ల ఉప్పెన వచ్చిందని, కొన్నిచోట్ల నీరు కిలోమీటరు లోపలికి చొచ్చిందని వాతావరణ శాఖ అంచనా వేసింది.

ఒడిశాలో తుపానుకు, ఆ వెంటనే వచ్చిన వరదలకు కలిపి 44 మంది బలయ్యారు. అందులో దాదాపు సగం వరదల పాలే. రెండున్నర లక్షలకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. బరంపురం రోజుల తరబడి చీకట్లో ఉంది. ప్రాణాలతో తిరిగొచ్చిన వేటగాళ్లకు పడవలు పగిలి, వలలు చిరిగి కనిపించాయి. వల లేనివాడికి ఆ పూట కూలి లేదు. అత్తరు తయారీకి పేరుపడ్డ గంజాం మొగలి పొదలూ పాడయ్యాయి. తర్వాతి ఏళ్లలో ప్రపంచ బ్యాంకు సాయంతో తీర గ్రామాల పూరిళ్ల స్థానంలో గాలికి తట్టుకునే పక్కా ఇళ్లు కట్టారు.

సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12నే, హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఈసారి సముద్రానికి దూరంగా, గజపతి జిల్లా కొండల్లోని బరఘరలో, వానకు తలదాచుకున్న గ్రామస్తులపై కొండచరియ విరిగిపడింది. తీరం వెంట కట్టిన షెల్టర్లు ఆ కొండల దాకా చేరలేదు.