కనరాని కణితి, కలకత్తా కిరణవిద్య

1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. కొలది సంవత్సరములలోనే జగదీశచంద్ర వసువు కలకత్తాలో అట్టి యంత్రమును స్వయముగా నిర్మించి వైద్యులకు తోడ్పడెను. ఎముక కనబడినది, మెత్తని అవయవముల లోగుట్టు మాత్రము కనబడలేదు.

ఆ గుట్టులలో క్లోమమునందలి కణితి యొకటి. ఇన్సులిన్‌ను అదుపులేక స్రవించు నీ కణితి తరచుగా రెండు సెంటీమీటర్లకు మించదు. రక్తములో చక్కెర తగ్గి రోగి తడబడును, మూర్ఛిల్లును. ఇంటివారు దానిని అపస్మారమనియో ఉన్మాదమనియో భ్రమింతురు. 1929లో టొరాంటోలో రాస్కో గ్రాహమ్ అట్టి కణితిని తొలగించి రోగిని స్వస్థపరచెను. ఆ కాలమున శస్త్రవైద్యునకు వ్రేళ్ల స్పర్శయే దీపము.

కలకత్తాలో వేరొక దీపమునకు మేఘనాథ సాహా వత్తి వేసెను. సైక్లోట్రాన్‌కై ఆయన యెంతో పాటుపడెను. ఆయన నెలకొల్పిన పరమాణు భౌతిక సంస్థను 1950లో ఐరీన్ జోలియో-క్యూరీ ప్రారంభించెను. 1977లో బిధాన్‌నగరమున పెద్ద సైక్లోట్రాన్ పనిచేయ నారంభించెను. 2018లో కోల్‌కతా శివారున వైద్యమునకై 30 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల సైక్లోట్రాన్ వెలసెను.

ఇట్టి యంత్రములు పుట్టించు జెర్మేనియం-68 సుమారు తొమ్మిది నెలలకు సగమగును. దానినుండి జనించు గాలియం-68 కేవలము 68 నిమిషములకే సగమగును. ఈ గాలియమును సొమాటోస్టాటిన్‌ను పోలిన అణువునకు జతపరచి రక్తములోనికి పంపినచో, అది తగిన గ్రాహకములున్న కణితిని వెదకి పట్టుకొనును. పెట్ యంత్రము ఆ చోటును చూపును. ఇన్సులిన్ కణితులు కొన్నింట ఆ గ్రాహకములు కొరవడును. అప్పుడు వేరొక అణువును పంపవలసియుండును.

చోటు తెలిసినచో శస్త్రమునకు దారి తెలియును. పిచ్చివాడని పేరుపడిన మనిషి స్వస్థచిత్తుడై ఇల్లు చేరును.