అశ్వశక్తికి అస్థిబలం - మెర్లిన్ నుంచి సెంచూరియన్ దాకా ఒక ఇంజన్ చరిత్ర

ఈ మధ్య మన పిల్లల్లో ఒక సరదా ఎక్కువైంది. టర్బో కారు కొనడం, ఏడాది తిరక్కుండానే దాని కంప్యూటర్‌లో లెక్కలు మార్పించి బూస్ట్ పెంచించుకోవడం. వంద హార్స్‌పవర్ బండి నూట ముప్ఫై అయిందని సంబరపడిపోతారు. సర్వీసంతా ట్యాంకు ఇంజన్ల మధ్యే గడిపినవాణ్ణి కాబట్టి, ఇలాంటి మాట వింటే నేను అడిగే ప్రశ్న ఒకటే: "బాగానే ఉంది నాయనా, మరి లోపల ఏం మార్చారు?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఆ జవాబు దొరికే ఒక చరిత్రను మన సంచిక పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు అసలు సంగతి చూద్దాం. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోస్తే ఎక్కువ ఇంధనం కాలుతుంది, పవర్ పెరుగుతుంది. గాలి తోసే పంపును ఇంజనే గేర్లతో తిప్పితే సూపర్‌చార్జర్ అంటాం. బయటికి పోయే పొగ వేగంతో తిప్పితే టర్బోచార్జర్. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే టర్బోకు పేటెంట్ తీసుకున్నాడు. పంపు ఏదైనా లోపల పడే దెబ్బ ఒకటే. 137 మిల్లీమీటర్ల పిస్టన్ తీసుకోండి. దాని నెత్తి వైశాల్యం సుమారు 148 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 70 కిలోల ఒత్తిడి అనుకుంటే పిస్టన్ మీద 10 టన్నుల పైచిలుకు బరువు. బూస్ట్ పెంచి దాన్ని 100 కిలోలు చేస్తే దాదాపు 15 టన్నులు. ఆ బరువంతా పిస్టన్ నుంచి గడ్జన్ పిన్ మీదికి, అక్కడినుంచి కనెక్టింగ్ రాడ్, బేరింగ్, క్రాంక్ షాఫ్ట్ మీదికి దిగుతుంది. ఇవి ఇంజన్‌కి ఎముకలు. కండ పెంచి ఎముకను వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ పాఠాన్ని బాగా నేర్చుకున్న వాళ్ళలో ఇంగ్లండులోని రోల్స్‌రాయిస్ వాళ్ళు ముందుంటారు. ష్నైడర్ ట్రోఫీ అని సముద్ర విమానాల పందెం ఒకటి ఉండేది. దానికోసం వాళ్ళు 'ఆర్' అనే ఇంజన్ తయారు చేశారు. సుమారు 800 హార్స్‌పవర్ ఇచ్చే బజార్డ్ అనే ఇంజన్ దీనికి మాతృక. అదే 36.7 లీటర్ల కొలతతో, పెద్ద సూపర్‌చార్జర్ పెట్టి 1929లో 1900 హార్స్‌పవర్ దాకా తెచ్చి పందెం గెలిచారు. 1931లో 2300 దాటించాలనుకున్నారు. ఇక్కడే అసలు కష్టం మొదలైంది. ఫుల్ థ్రాటిల్ మీద గంటసేపు నిలవాలని పరీక్ష పెడితే, కొన్ని నిమిషాలకే లోపలి భాగాలు విరిగిపోయేవి. విరిగిన ప్రతి భాగాన్నీ తీసి చూసి, గట్టిగా మళ్ళీ డిజైన్ చేసేవారు. కనెక్టింగ్ రాడ్ల అమరిక మార్చారు. ఎగ్జాస్ట్ వాల్వులు ఎర్రగా కాలిపోకుండా వాటి లోపల సోడియం నింపారు. చివరికి ఆగస్టులో ఇంజన్ గంట పరీక్ష నెగ్గింది. సెప్టెంబరు 13న ట్రోఫీ గెలిచారు. అదే నెల 29న, 2500 పైచిలుకు హార్స్‌పవర్‌తో గంటకు 655 కిలోమీటర్ల ప్రపంచ రికార్డు పెట్టారు.

ఆ అనుభవంతోనే 1933 అక్టోబరులో మరో 12 సిలిండర్ల ఇంజన్ మొదటిసారి తిరిగింది. అదే తర్వాత మెర్లిన్ అయింది. కొలత 27 లీటర్లు. మొదట్లో దాని జబ్బులు ఇన్నీ అన్నీ కావు. సిలిండర్ హెడ్లు పగిలేవి, కూలెంట్ కారేది. అప్పుడు కంపెనీ పెద్ద ఎర్నెస్ట్ హైవ్స్ ఒక పద్ధతి పెట్టాడు. తయారై వస్తున్న ఇంజన్లలోంచి ఏదో ఒకటి తీసుకోవడం, ఏదైనా విరిగేదాకా ఫుల్ థ్రాటిల్ మీద తిప్పడం, విరిగినదాన్ని బలంగా తయారు చేసి మళ్ళీ తిప్పడం. చూడ్డానికి మొరటు పద్ధతే. కానీ ఏ భాగం బలహీనమో అంచనాలతో పని లేకుండా ఇంజనే చెప్పేస్తుంది.

సూపర్‌చార్జర్‌ను బాగుచేసినవాడు స్టాన్లీ హూకర్. ఆయన లెక్కల మనిషి, 1938లో చేరాడు. ఆయన గాలి పెంచుతూ పోతుంటే, సిరిల్ లవ్సీ బృందం లోపలి భాగాలను గట్టిచేస్తూ వెంట నడిచింది. సిలిండర్ బ్లాకు, హెడ్డు ఒకే పోతగా ఉండి పగులుతున్నాయని రెండు ముక్కలుగా మార్చారు. ఎత్తులో బలం తగ్గకుండా రెండంచెల సూపర్‌చార్జర్, వేడెక్కిన గాలిని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ పెట్టారు. చివరి రకాల్లో బేరింగులకు ఆయిల్ బాగా అందేలా క్రాంక్ షాఫ్ట్ రెండు చివర్లనుంచీ పంపారు. ఫలితం చూడండి. తొలి మెర్లిన్ ఆరుంబావు పౌండ్ల బూస్ట్‌తో 1030 హార్స్‌పవర్. 1940లో 100 ఆక్టేన్ పెట్రోలు, 12 పౌండ్ల బూస్ట్‌తో 1310. యుద్ధం చివరికి 25 పౌండ్ల బూస్ట్‌తో 2000 పైన. ఇంజన్ కొలత మాత్రం అదే 27 లీటర్లు! బర్మా రంగంలో మన వాయుసేన హరికేన్లు ఎగిరింది కూడా ఈ మెర్లిన్‌తోనే.

ఇక మన ఆర్మీకి సంబంధించిన భాగానికి వద్దాం. 1941 నాటికి బ్రిటిష్ ట్యాంకులకు సరైన ఇంజన్ లేదు. క్రూసేడర్‌లో ఉన్నది మొదటి ప్రపంచ యుద్ధం నాటి లిబర్టీ ఇంజన్, 340 హార్స్‌పవర్. అప్పుడు రోల్స్‌రాయిస్‌లో రోబోథమ్ అనే ఇంజనీరు బృందం ఒక ఎదురు ఆలోచన చేసింది. మెర్లిన్‌కున్న సూపర్‌చార్జర్ తీసేసి, మామూలు పెట్రోలు మీద నడిచేలా మార్చి ట్యాంకులో పెట్టారు. దాని పేరు మెటియర్. 600 హార్స్‌పవర్ ఇచ్చింది. అంతకు రెట్టింపు దెబ్బలు తినడానికి తయారైన ఎముకలు కాబట్టి ట్యాంకు పని దానికి భారమే కాలేదు. విమానాల ప్రమాణానికి కొంచెం తగ్గి పక్కన పెట్టిన మెర్లిన్ భాగాలు కూడా మెటియర్‌లో హాయిగా పనిచేశాయి. 1944లో నార్మండీలో క్రామ్‌వెల్ ట్యాంకులు దీంతోనే పోరాడాయి. తర్వాత 650 హార్స్‌పవర్ రకం సెంచూరియన్‌లోకి వచ్చింది.

ఆ సెంచూరియనే 1950ల్లో మన దగ్గరికి వచ్చింది. 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్‌లో 3 కావల్రీ, ఫిల్లోరాలో కర్నల్ తారాపూర్ నాయకత్వంలో 17 పూనా హార్స్ వాడినవి అవే. ఎదురుగా వచ్చిన ప్యాటన్ ఇంజన్ 810 హార్స్‌పవర్. బండి తేలిక, వేగం ఎక్కువ. కాగితం మీద మనదే తక్కువ. గెలుపు ఇంజన్‌ది అని నేననను. గెలిచింది గన్నర్ గురి, కమాండర్ ధైర్యం, నీళ్ళు పెట్టిన చెరుకు తోటల్లో వేసిన వల. కానీ ఆ జవాను నమ్ముకున్న 50 టన్నుల బండి బురదలో, దుమ్ములో అడిగినప్పుడల్లా కదిలింది. 1971 డిసెంబరు 15-16 రాత్రి బసంతర్ దగ్గర మందుపాతర్ల దారి పూర్తిగా శుభ్రం కాకముందే పూనా హార్స్ ట్యాంకులు దాటాయి. మరునాడు సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ ఆఖరి ఊపిరిదాకా పోరాడిన 'ఫామగుస్తా' కూడా సెంచూరియనే. మందుపాతర్ల మధ్య ఇంజన్ ఆగితే ఏమిటో ట్యాంకు మనిషికి వేరే చెప్పాలా?

ఈ చరిత్ర ఇంకా ముగియలేదు. నా తరం పనిచేసిన టి-72 ఇంజన్ 780 హార్స్‌పవర్, గేర్లతో తిరిగే సూపర్‌చార్జర్ రకం. రష్యన్లు టి-34లో 500 హార్స్‌పవర్‌తో మొదలుపెట్టిన కుటుంబమే అది. సిలిండర్ వ్యాసం అప్పుడూ ఇప్పుడూ 150 మిల్లీమీటర్లే. టి-90లో అదే కుటుంబం టర్బోతో 1000కి చేరింది. 2025 మార్చిలో మన రక్షణశాఖ టి-72లకు 1000 హార్స్‌పవర్ ఇంజన్ల కోసం 24.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆవడి ఫ్యాక్టరీకి టెక్నాలజీ ఇవ్వడం కూడా అందులో భాగం. గమనించండి, పాత ఇంజన్ స్క్రూ తిప్పి 1000 చెయ్యలేదు. ఇంజనే మార్చాలనుకున్నారు.

కాబట్టి కారు బూస్ట్ పెంచాలనుకునే తమ్ముళ్ళకి చెప్పేదేమిటంటే, వరస తప్పకండి. ముందు ఆయిల్, కూలింగ్, ఇంటర్‌కూలర్ చూసుకోండి. తర్వాత పోత పిస్టన్ల బదులు ఫోర్జింగ్ పిస్టన్లు, గట్టి రాడ్లు, మంచి బేరింగులు, హెడ్ స్టడ్లు. వీటన్నిటి తర్వాతే బూస్ట్. అది కూడా కొంచెం కొంచెంగా. డైనో మీద వచ్చిన అంకె ఆ ఒక్క నిమిషానిదే. ఘాట్ రోడ్డులో పెళ్ళాం పిల్లలతో ఎక్కేటప్పుడు కావలసింది గంటల తరబడి నిలిచే బలం.

మనిషికైనా ఇంతే కదా. రిక్రూట్‌కి మొదటి రోజునే బరువు ఎత్తించరు. ముందు ఒళ్ళు గట్టిపరుస్తారు, తర్వాతే పిట్టు నింపి పరుగెత్తిస్తారు. రోల్స్‌రాయిస్ టెస్ట్ బెడ్డు మీద జరిగింది కూడా ఆ ట్రైనింగే. అక్కడ విరిగిన ప్రతి రాడ్డూ, యుద్ధంలో విరగకుండా మిగిలిన మరో రాడ్డు.

జై హింద్.