అబ్రహాం లింకన్ - గుణదోష విచారణ

మహాపురుషుల చరిత్రములను వ్రాయువారు రెండు విధములుగా పొరపడుచుందురు. కొందరు దోషములను మరుగుపరచి దేవతను చేయుదురు. మరికొందరు ఒక్క దోషమును పట్టుకొని సర్వమును త్రోసిపుచ్చుదురు. జమను జమగాను, ఖర్చును ఖర్చుగాను వ్రాసిన పిమ్మటనే కదా నిలువ తేలుట! అమెరికా సంయుక్త రాష్ట్రముల పదునారవ అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ విషయమున ఈ పద్ధతినే అవలంబింతము.

లింకన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రమున, దుంగలతో కట్టిన ఒంటిగది ఇంటిలో జన్మించెను. ఆయన బడిచదువు అంతయు కలిపినను ఒక సంవత్సరమునకు మించదు. తక్కిన విద్య ఎరువు తెచ్చిన పుస్తకముల వలన గడించినదే. పొరుగు రైతునొద్ద తెచ్చిన వాషింగ్టన్ జీవితచరిత్రము వానకు తడిసి చెడిపోగా, ఆ రైతు పొలమున కూలిచేసి వెల తీర్చెనని చెప్పుదురు. పిదప న్యాయశాస్త్రమును స్వయముగా అభ్యసించి న్యాయవాది అయ్యెను.

బానిసత్వము క్రొత్త ప్రాంతములకు వ్యాపింపరాదను పక్షమున నిలిచి, 1860లో అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1861 మార్చి 4న ఆయన ప్రమాణము చేయునాటికే దక్షిణమున ఏడు రాష్ట్రములు విడిపోయినవి. ఏప్రిలులో సమ్టర్ కోటపై ఫిరంగులు మ్రోగినవి. అటుపిమ్మట మరి నాలుగు రాష్ట్రములు వారితో చేరినవి. అప్పటికి ఆ దేశమున బానిసలు సుమారు 40 లక్షలమంది.

మొదట ఆక్షేపణలను వినవలెను. బానిసలను విడిపించుట కంటె దేశైక్యమే తన ముఖ్యాశయమని 1862 ఆగస్టులో పత్రికాసంపాదకుడు హొరేస్ గ్రీలీకి లింకన్ వ్రాసెను. ఆ మాసముననే నల్లజాతి ప్రతినిధులను పిలిపించి, వారు పరదేశమునకు పోయి స్థిరపడుట మేలని బోధించెను. 1863 జనవరి 1వ తేదీ విమోచన ప్రకటన తిరుగుబాటు ప్రాంతములకే వర్తించెను. తనతో నిలిచిన కెంటకీ, మేరీలాండ్, మిసౌరీ, డెలవేర్ రాష్ట్రముల బానిసలకు వర్తింపలేదు. హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేయుటచే అనేకులు విచారణ లేకయే చెరసాలల పాలైరి.

ఇవి యన్నియు నిజములే. అయినను రెండవ పుటను గూడ చూడవలెను. సేనాధిపతిగా ఆయనకు గల అధికారము శత్రువుల మీదనే చెల్లును. తక్కిన చోట్ల బానిసత్వమును తొలగించుటకు రాజ్యాంగ సవరణయో, ఆయా రాష్ట్రముల శాసనమో కావలెను. నాలుగు సరిహద్దు రాష్ట్రములును శత్రువులతో కలిసిన యెడల యుద్ధమే చేజారెడిది. ఆ ప్రకటనతో సైన్యద్వారములు నల్లవారికి తెరచుకొన్నవి. యుద్ధాంతమునకు సుమారు 1,80,000 మంది నల్లవారు సైన్యమున చేరి, తమ స్వాతంత్ర్యమునకై తామే పోరాడిరి. కావున విమోచనము ఒక్కని దానము కాదు.

లింకన్ ఘనత ఏమనగా, ఆయన ఒక్కచోట ఆగిపోలేదు. పదమూడవ రాజ్యాంగ సవరణకై పట్టుపట్టి 1865 జనవరి 31న ప్రతినిధి సభచే ఆమోదింపజేసెను. ఏప్రిల్ 11న, చదువుకొన్న నల్లవారికిని, సైనికులైన వారికిని ఓటుహక్కు ఉండుట మంచిదని బహిరంగముగా పలికెను. ఆ మాటలు విన్నవారిలో నున్న బూత్ అనువాడు మూడు దినముల పిమ్మట ఆయనను కాల్చగా, 15వ తేదీ ఉదయమున లింకన్ మరణించెను. ఆ సవరణ డిసెంబరులో అమలునకు వచ్చెను.

బానిసత్వమునుండి తప్పించుకొని మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లస్ 1876లో ఈ లెక్కనే పరిశీలించెను. విమోచనవాదుల దృష్టితో చూచిన లింకన్ మందగామి. ఆనాటి తెల్లజనుల మనోభావములతో పోల్చి చూచిన శీఘ్రగామి అని ఆయన తీర్పు. ఇంతకంటె న్యాయమైన తీర్పు నాకు కానరాలేదు. అయితే ఆ మందగమనపు వెలను చెల్లించినది లింకన్ కాదు, సంకెళ్ళలో ఉన్నవారు. ఈ పద్దును కొట్టివేయుటకు వీలులేదు.

ఆయన అనంతరము దక్షిణమున నల్లవారి హక్కులను మరల హరించిరి. 1964లో పౌరహక్కుల చట్టమును, 1965లో ఓటుహక్కుల చట్టమును వచ్చువరకు ఒక శతాబ్దము గడచినది. శాసనము సంకెలను త్రెంచగలదు. మనుష్యుల బుద్ధిని మార్చుటకు విద్య కావలెను. ఎరువు పుస్తకములతో ఎదిగిన ఆ పురుషుని స్మరించుటకు గ్రంథాలయము కంటె తగిన చోటు వేరొకటి లేదు.